అరవై నిమిషాల ప్రిన్స్: పరుగెత్తకుండా గెలవడం ఎలా

మొన్న ఎండాకాలం సెలవులకి మా చెల్లెలి కొడుకు మా ఇంటికొచ్చాడు. పదకొండేళ్ళవాడు. ఫోన్ చేతిలోంచి తీసుకుని, దానికి బదులు ల్యాప్‌టాప్‌లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా పెట్టిచ్చాను. కొత్తది కాదు, 1990 నాటి డాస్ ఆట (డాస్ అంటే విండోస్‌కి ముందు కంప్యూటర్లు నడిచిన పద్ధతి). ఒక రాకుమారుణ్ణి ముళ్ళూ గోతులూ భటులూ దాటించి, గంటలోపు రాకుమారి దగ్గరికి చేర్చాలి. పది నిమిషాల్లో తొమ్మిదిసార్లు చచ్చాడు. అందులో నాలుగుసార్లు ఒకే ముళ్ళ మీద.

"పెద్దమ్మా, వీడు ఆగమంటే ఆగట్లేదు!" అని కీబోర్డు మీద చెయ్యి చరిచాడు.

వాడి బాధ నాకు తెలుసు. 1996లో నేనూ అదే అన్నాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తెనాలిలో మా బాబాయికి డీటీపీ షాపు ఉండేది. పగలంతా శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, పార్టీల కరపత్రాలు. సాయంత్రం బాబాయి టీకి వెళ్ళగానే ఆపరేటర్ అన్నయ్య విండోస్ మూసేసి, నల్లటి తెర మీద, ఆదేశాలు టైపు చేసే సి ప్రాంప్ట్ దగ్గర 'ప్రిన్స్' అని కొట్టేవాడు. షాపులో ఉన్నది తెలుపు నలుపు మానిటర్. ఇది ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. బాబాయి తిరిగొచ్చి "మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతుంటే ఈ కోతిగంతులేంట్రా" అని తిట్టేదాకా ఆడుకునేవాళ్ళం. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఆ కుర్చీలో కూర్చుని ఆడగా నేను చూడలేదు.

ఆ రోజుల్లో నేర్చుకున్నదీ, ఈ ఎండాకాలం వీడికి నేర్పిందీ కలిపి రాస్తున్నాను. కొత్తగా ఆడేవాళ్ళకీ, చిన్నప్పుడు మూడో లెవెల్ దగ్గర వదిలేసినవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు ఆట దొరకాలి కదా. పాత డాస్ కాపీ ఉంటే, డాస్ ఆటల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో నడుస్తుంది. లేదంటే ఎస్‌డీఎల్‌పాప్ అని ఒకటుంది. డాస్ ఆటని విప్పి చూసి, ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా అభిమానులు తిరగరాసింది. కదలికలు అచ్చం పాతదానిలాగే ఉంటాయి. ఆడబోయేముందు విండోస్ సెట్టింగ్స్‌లో స్టిక్కీ కీస్ ఆపేయండి. ఈ ఆటంతా షిఫ్ట్ మీద నడుస్తుంది. షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే ఆ స్టిక్కీ కీస్ డబ్బా తెర మీదికొస్తుంది, సరిగ్గా కత్తియుద్ధం మధ్యలో. మావాడు దానివల్ల రెండుసార్లు పోయాడు.

ఇంకో సంగతి. డేంజరస్ డేవ్, మారియో ఆడిన అలవాటుతో దీన్ని మొదలుపెట్టకండి. మారియోలో మీరు నడుస్తుంటే తెర మీతోపాటు జరుగుతుంది, ముందు ఏముందో కాస్త ముందుగానే కనిపిస్తుంది. ఇందులో తెర జరగదు. ఒక్కో గది ఒక్కో బొమ్మ, 10 పలకల వెడల్పు, 3 అంతస్తుల ఎత్తు. అంచు దాటగానే బొమ్మ మొత్తం మారిపోతుంది. పక్క గదిలో గొయ్యి ఉందో, భటుడు ఉన్నాడో అడుగుపెట్టేదాకా తెలీదు. అందుకే తెర అంచుకి రాగానే ఆగాలి. మావాడికి నేను పెట్టిన మొదటి నియమం ఇదే: కొత్త గదిలోకి పరుగెత్తుకుంటూ పోకూడదు. ఇప్పటికే చూసిన గదిలో ఎంతైనా పరుగెత్తు.

ఇక తెర మీది రాకుమారుడు ఎందుకు ఆగడో చెబుతాను. ఈ ఆట రాసిన జోర్డాన్ మెక్నర్ 1985లో తన తమ్ముణ్ణి ఒక పార్కింగ్ స్థలంలో పరుగెత్తించి, గెంతించి, వీడియో తీసుకున్నాడు. ఆ వీడియోని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చూసి గీసుకుని ఆపిల్ టూ కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆట బయటికొచ్చేసరికి 1989 అయింది. అంటే తెర మీద పరుగెత్తేది నిజం మనిషి పరుగు. మనం రోడ్డు మీద పరుగెత్తుతూ ఠక్కున ఆగిపోగలమా? రెండు అడుగులు జారి నిలబడతాం. వీడూ అంతే. బాణం మీట వదిలేసిన తర్వాత కూడా కాస్త జారి ఆగుతాడు. వెనక్కి తిరగమంటే ముందు ఆగి, తర్వాత తిరుగుతాడు. మారియోలా గాల్లో దిశ మార్చడం ఉండదు. గెంతితే గెంతినట్టే.

కాబట్టి మొదటి లెవెల్‌లో ముందుకు పోవడం మాట మర్చిపోయి, గొయ్యి గానీ ముళ్ళు గానీ లేని ఒక గదిలో ఓ పావుగంట సాధన చెయ్యండి. టైమ్ పోతే పోయింది, ఈ ఆట లెక్కలోకి రాదనుకోండి. పరుగెత్తి మీట వదిలి, ఎన్ని పలకల తర్వాత ఆగుతున్నాడో చూడండి. తర్వాత షిఫ్ట్ పట్టుకుని బాణం ఒక్కసారి నొక్కండి. ఒక్క చిన్న అడుగు వేస్తాడు. మేం దీన్ని పిల్లి అడుగు అనేవాళ్ళం. అంచు దగ్గర పిల్లి అడుగు వేస్తే సరిగ్గా అంచున నిలబడతాడు. ఇంకోసారి నొక్కితే కాలు చాపి కింద ఏమీ లేదని తడిమి చూసి వెనక్కి తీసుకుంటాడు. ఆ హెచ్చరిక తర్వాత కూడా నొక్కితే పడతాడు, ఇక తప్పు మీదే.

ముళ్ళ మీద నాలుగుసార్లు చచ్చిన మా పిల్లవాడికి చెప్పింది కూడా పిల్లి అడుగే. పైకి లేచిన ముళ్ళ మధ్యలోంచి పిల్లి అడుగులతో నడిస్తే ఏమీ కాదు. వాటిలోకి పరుగెత్తినా, వాటి మీదికి దూకినా దిగబడతాయి. వాడు నమ్మలేదు. కళ్ళు మూసుకుని షిఫ్ట్ పట్టుకుని నాలుగుసార్లు నొక్కి, తెరిచి చూస్తే అవతల ఉన్నాడు.

దూరం దూకాల్సి వచ్చినప్పుడు అంచు దగ్గర తటపటాయించడం వల్లే ఎక్కువమంది పడిపోతారు. నేను చేసేదిది: ముందు పిల్లి అడుగులతో అంచుదాకా వెళ్తాను. వెనక్కి తిరిగి రెండు మూడు అడుగులు నడుస్తాను. మళ్ళీ ఇటు తిరిగి పరుగెత్తుతూ, అంచుకి కాస్త ముందే పై బాణం నొక్కుతాను. అంచు మీదికి వచ్చాక నొక్కుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. గాల్లో ఉండగానే షిఫ్ట్ పట్టుకుని ఉంటే, అవతలి అంచు అందీ అందకుండా ఉన్నా వేళ్ళతో పట్టుకుని వేలాడతాడు. షిఫ్ట్ వదలకుండా పై బాణం నొక్కితే పైకి ఎక్కుతాడు.

దిగడం ఇంకా ముఖ్యం. ఒక అంతస్తు ఎత్తునుంచి పడితే ఏమీ కాదు. రెండు అంతస్తులైతే ఒక ప్రాణం తగ్గుతుంది. ప్రాణాలంటే తెర కింద ఎడమపక్కన ఉండే ఎర్ర త్రికోణాలు, మొదట్లో 3 ఉంటాయి. మూడు అంతస్తులైతే చావే. అందుకని దూకకండి, దిగండి. అంచుకి వీపు పెట్టి నిలబడి, షిఫ్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే అంచు పట్టుకుని వేలాడతాడు. అక్కడినుంచి షిఫ్ట్ వదిలితే ఎత్తు ఒక అంతస్తు తగ్గినట్టే. రెండు అంతస్తుల లోతు కూడా దెబ్బ తగలకుండా దిగొచ్చు. మావాడు దీన్ని "బావిలోకి దిగినట్టు" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో బావి ఎక్కడుందో, వీడు ఎప్పుడు దిగాడో నాకు తెలీదు.

కొన్ని పలకలు కదులుతాయి, కాలు పెడితే ఊడి పడిపోతాయి. చూడ్డానికి మామూలు పలకల్లాగే ఉంటాయి. అనుమానం వస్తే ఉన్నచోటే నిలబడి పై బాణం నొక్కి ఒక్క గెంతు గెంతండి. మీరు కిందికి దిగిన అదురుకి ఆ వరసలో ఉన్న ఊగుడు పలకలన్నీ గడగడలాడతాయి. ఇది ఆపరేటర్ అన్నయ్య నేర్పాడు. చాలామందికి ఇప్పటికీ తెలియని చిట్కా ఇది. నెత్తిమీద ఊగుడు పలక ఉంటే కిందనుంచి గెంతి తగిలించి పడగొట్టొచ్చు, కానీ వెంటనే పక్కకి జరగాలి. లేదంటే నెత్తిన పడి ఒక ప్రాణం పోతుంది.

ఇక అడకత్తెర. పైనా కిందా ఇనప పళ్ళతో కటకటా మూసుకునే ఆ యంత్రానికి మేం పెట్టిన పేరది. అడకత్తెరలో పోకచెక్క సామెత వింటే ఇప్పటికీ నాకు ఆ శబ్దమే గుర్తొస్తుంది. దాన్ని గెంతి దాటాలనుకోకండి. పిల్లి అడుగులతో పళ్ళకి ఆనేంత దగ్గరగా వెళ్ళండి. మూసుకుని తెరుచుకున్న ఆ క్షణంలో అడుగు వెయ్యండి. వరసగా రెండు మూడు ఉంటే ఒకటి దాటి ఆగి, మళ్ళీ లెక్క చూసుకుని ఇంకోటి. మావాడు మొదట్లో అన్నీ ఒకే ఊపులో దాటబోయి రెండు ముక్కలయ్యాడు. అలా అయినప్పుడల్లా వాడికి తెగ నవ్వొచ్చేది. అక్కడే ఓ అరగంట పోయింది.

మొదటి లెవెల్‌లో ముందు కత్తి వెతుక్కోండి. అది కింది గదుల్లో నేల మీద పడి ఉంటుంది, దాని ముందు నిలబడి షిఫ్ట్ నొక్కితే తీసుకుంటాడు. సీసాలు తాగేదీ అలాగే. కత్తి లేకుండా భటుడి ముందుకెళ్తే త్రికోణాలు ఎన్ని ఉన్నా ఒక్క పోటుతో సరి.

కత్తియుద్ధం అంటే మావాడికి షిఫ్ట్‌ని టపటపా కొట్టడమే. మొదటి భటుడి మీద అది కూడా పనిచేస్తుంది, అదే చిక్కు. రెండో లెవెల్‌లో వరసగా తగిలే భటుల దగ్గర త్రికోణాలు రాలిపోవడం మొదలవుతుంది. పద్ధతి వేరు. ఎదుటివాణ్ణి పొడవనివ్వండి. వాడి కత్తి లేవగానే పై బాణం నొక్కితే మీ కత్తి అడ్డుపడుతుంది. ఆ కత్తులు తగిలిన చప్పుడు వినగానే షిఫ్ట్. అడ్డు, పోటు. అడ్డు, పోటు. కోలాటంలో కర్రలు తగిలినట్టు ఒక తాళం ఉంటుంది, అది పట్టుబడితే భటుడు ఎవడైనా ఒకటే. దగ్గరికి జరగడానికీ, వెనక్కి తగ్గడానికీ పక్క బాణాలు. వెనక గొయ్యి ఉందేమో చూసుకుని తగ్గండి. వాడి వెనక గొయ్యి ఉంటే మాత్రం అదృష్టమే, తోసుకుంటూ పొండి. ఈ కత్తియుద్ధం కదలికల్ని మెక్నర్ 1938 నాటి ఒక రాబిన్‌హుడ్ సినిమాలో కొద్ది సెకన్ల ముక్క చూసి గీశాడట. అందుకే కాబోలు ఇద్దరూ అంత మర్యాదగా ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు.

సీసాల గురించి చెప్పాలి. ఎర్ర బుడగలొచ్చేది ఒక ప్రాణం తిరిగి ఇస్తుంది. ఎర్రదే పెద్ద సీసా అయితే త్రికోణాల సంఖ్యే ఒకటి పెరుగుతుంది, అది ఎక్కడ కనిపించినా వదలొద్దు. నీలం బుడగలది విషం, ఒక ప్రాణం పోతుంది. ఆకుపచ్చది వింత పనులు చేస్తుంది. ఇంత తేలిగ్గా చెప్పేశాను గానీ, మా షాపులో మానిటర్ తెలుపు నలుపని చెప్పాను కదా. మాకు అన్ని బుడగలూ ఒకే బూడిద రంగు. తాగి చచ్చి తెలుసుకోవడమే. ఏ గదిలో ఏ సీసా మంచిదో శుభలేఖల వేస్టు కార్డుల వెనక రాసి పెట్టుకున్నాం. 'మూడో గది కుడి: వద్దు' లాంటివి. కాలేజీలో చేరాక కలర్ మానిటర్ మీద ఈ ఆట చూసి, ఇంత సులువా అని నాకు కోపమొచ్చింది.

మొదటి లెవెల్ దాటగానే పాత డాస్ కాపీలో ఒక గది వస్తుంది. నేల మీద బోలెడు సీసాలు, ఒక్కోదాని పైన ఒక్కో ఇంగ్లీషు అక్షరం. ఆటతో వచ్చే పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట మొదటి అక్షరం ఏదో ఆ సీసా తాగాలి. దొంగ కాపీలు ఆడేవాళ్ళకి పెట్టిన పరీక్ష అది. మా దగ్గర పుస్తకం ఎక్కడిది? ఆపరేటర్ అన్నయ్య ఎవరి దగ్గరో చూసి రాసుకొచ్చిన ఒక చీటీ సీపీయూ కింద ఉండేది. ఎస్‌డీఎల్‌పాప్‌లో మామూలుగా ఈ గది రాదు.

ఇప్పుడు టైమ్ సంగతి. మంత్రి జాఫర్ రాకుమారికి ఇచ్చిన గడువు గంట. అది ఆట మొత్తానికీ గంట, లెవెల్‌కి కాదు. చచ్చిపోతే లెవెల్ మొదటికి వస్తారు, ఎన్నిసార్లు చచ్చినా ఆట అయిపోదు. కానీ గడిచిన నిమిషాలు తిరిగి రావు. స్పేస్ బార్ నొక్కితే ఎంత మిగిలిందో చూపిస్తుంది. ఇక్కడ లెక్క సరిగ్గా అర్థం చేసుకోవాలి. ముళ్ళ దగ్గర పిల్లి అడుగులకి పట్టేది నాలుగు సెకన్లు. తొందరపడి చస్తే పోయేది ఆ లెవెల్‌లో అప్పటిదాకా నడిచిన రెండు మూడు నిమిషాలు. గడువు ఉంది కదా అని పరుగెత్తేవాడికే గడువు చాలదు.

మూడో లెవెల్‌నుంచి కంట్రోల్, జీ కలిపి నొక్కి సేవ్ చేసుకోవచ్చు. అది మీరు నిలబడిన చోటుని దాచదు. లెవెల్‌నీ, మిగిలిన టైమునీ మాత్రమే దాస్తుంది. కాబట్టి కొత్త లెవెల్‌లో కాలు పెట్టిన వెంటనే సేవ్ చెయ్యాలి, మధ్యలో చేస్తే టైమ్ నష్టాన్ని కూడా భద్రంగా దాచుకున్నట్టే. లెవెల్ బాగా పాడైతే పూర్తిగా మూసి, మళ్ళీ తెరిచి, కంట్రోల్, ఎల్ కొట్టి పాత టైముతో మొదలుపెట్టండి. నా కొలత ఇది: మూడో లెవెల్ అయ్యేసరికి 48 నిమిషాలు, ఆరో లెవెల్ అయ్యేసరికి 35, తొమ్మిది దాటేసరికి 17 మిగలాలి. ఇంతకన్నా తక్కువుంటే ముందుకెళ్ళడం కంటే వెనక సేవ్ నుంచి ఆడటం మేలు. ఎస్‌డీఎల్‌పాప్‌లో ఎఫ్6 నొక్కితే ఉన్నచోటే సేవ్ అవుతుంది, ఎఫ్9తో వెనక్కి రావచ్చు. నేర్చుకునేటప్పుడు వాడుకోండి. ఆట గెలిచాననాలంటే మాత్రం మా ఇంట్లో అది చెల్లదు.

లెవెల్ గెలిచి మెట్లెక్కితే త్రికోణాలు మళ్ళీ నిండుతాయి. కాబట్టి తలుపు దగ్గర్లో ఉన్నప్పుడు చిన్న సీసా కోసం వెనక్కి పోవడం దండగ.

'ప్రిన్స్ మెగాహిట్' సంగతి అందరికీ తెలుసు. ప్రాంప్ట్ దగ్గర అలా కొట్టి మొదలుపెడితే దొంగదారులన్నీ తెరుచుకుంటాయి, షిఫ్ట్, ఎల్ నొక్కి లెవెల్స్ దాటుకుంటూ పోవచ్చు. ఆ మాట లేకుండా కూడా మొదటి మూడు లెవెల్స్‌లో షిఫ్ట్, ఎల్ పనిచేస్తుంది. కానీ అలా దాటితే మిగిలిన టైమ్ ఒక్కసారిగా 15 నిమిషాలకి పడిపోతుంది. ఇది తెలియక మేం చాలా సాయంత్రాలు పాడుచేసుకున్నాం.

అన్ని లెవెల్స్ గది గదికీ చెప్పను, అలా చెబితే ఆడటం ఎందుకు? చిక్కుపడే చోట్లు మాత్రం చెబుతాను.

మూడో లెవెల్ మొదట్లోనే ఒక గేటు. దాన్ని తెరిచే బండ మీద కాలు పెట్టాక, గొయ్యిలు దూకుతూ అది మూసుకునేలోపు చేరాలి. ఇక్కడ పరుగెత్తక తప్పదు. ముందు తీరిగ్గా ఓసారి నడిచి చూసి, ఏ పలక మీద గెంతాలో గుర్తుపెట్టుకుని, అప్పుడు నొక్కండి. దాటితే ఊపిరి పీల్చుకోవచ్చు, ఆ తర్వాత చచ్చినా గేటు అవతలనుంచే మొదలవుతుంది. కొంతసేపటికి నేల మీద పడున్న ఎముకలగూడు లేచి కత్తి దూస్తుంది. నిజంగా జడుసుకున్నాం మేమంతా. దానికి త్రికోణాలు లేవు, ఎంత పొడిచినా చావదు. అడ్డు, పోటు అంటూ వెనక్కి నెట్టుకుంటూ పోయి గొయ్యిలో పడెయ్యడమే.

నాలుగో లెవెల్‌లో పైకి వెళ్ళే తలుపు తెరిచి తిరిగొస్తుంటే, ఇంతకుముందు ఖాళీగా ఉన్నచోట ఒక అద్దం నిలబడి ఉంటుంది. మా చెల్లి దాని ముందు ఓ గంటసేపు నిలబడి రకరకాల మీటలు నొక్కింది. దారి దాని గుండానే. పరుగెత్తుకుంటూ వచ్చి అద్దంలోకి గెంతాలి. మీరు ఇటునుంచి వెళ్తుంటే మీ నీడ అటునుంచి బయటికి దూకి పారిపోతుంది, మీకు ఒక్క త్రికోణమే మిగులుతుంది. కంగారు పడకండి. భటుణ్ణి ముందే వదిలించుకుని ఉంటే తలుపుదాకా నడవడమే పని.

ఈ నీడ పుట్టుక నాకు భలే ఇష్టం. ఆపిల్ టూ మెమరీలో ఇంకో పాత్ర బొమ్మలు పెట్టడానికి చోటు మిగల్లేదు. ఆటలో పోరాటం ఉండాల్సిందేనని మెక్నర్ సహోద్యోగి టోమి పియర్స్ పట్టుబట్టింది. చివరికి మెక్నర్ రాకుమారుడి బొమ్మనే కాస్త పక్కకి జరిపి, దాని మీదే కలిపి గీస్తే మెరుస్తున్న దెయ్యంలాంటి ఆకారం వచ్చింది. కొత్త బొమ్మ ఒక్కటీ అక్కర్లేదు. శుభలేఖలో రెండో రంగుకి డబ్బుల్లేనివాళ్ళకి అదే బొమ్మని లేత బూడిదలో వేసి ఇచ్చే మా బాబాయి పని గుర్తొస్తుంది నాకు.

ఐదో లెవెల్‌లో మీరు చూస్తుండగానే ఆ నీడ వచ్చి పెద్ద సీసా తాగేసి పోతుంది. ఆపలేరు, వదిలెయ్యండి. ఆరో లెవెల్‌లో ఒక బానపొట్ట భటుడు. మా పొడిచే తాళం వాడి మీదా పనిచేస్తుంది, కాస్త ఓపిక కావాలి. తర్వాత పెద్ద గెంతు గెంతి అంచు పట్టుకున్నారో లేదో, అవతల నీడ బండ నొక్కి మీ ముఖం మీదే గేటు వేసేస్తుంది. కిందికి పడిపోతారు. ఓడిపోయామనుకుని చాలామంది ఇక్కడ కీబోర్డు మీదనుంచి చేతులు తీసేస్తారు. తియ్యకండి. ఏడో లెవెల్ ఆ పడటంతోనే మొదలవుతుంది. షిఫ్ట్ పట్టుకునే ఉండండి, దారిలో అంచు అందుతుంది. ఆ లెవెల్‌లో ఆకుపచ్చ సీసా తాగితే దూదిపింజలా మెల్లగా దిగుతారు, ఎంత లోతైనా దెబ్బ తగలదు. కాసేపే ఉంటుంది, తాగగానే దూకాలి.

ఎనిమిదో లెవెల్ దగ్గర మావాడు ఒకరోజంతా ఆగిపోయాడు. తలుపు తెరిచి తిరిగొస్తే గేటు మూసుకుపోయి ఉంటుంది. బండ అవతలివైపు ఉంటుంది. ఎటూ దారి లేదు. వాడు గెంతాడు, గోడలకి గుద్దుకున్నాడు, కంట్రోల్, ఏ కొట్టి లెవెల్ మళ్ళీ మొదలుపెట్టాడు, అక్కడే మళ్ళీ ఇరుక్కున్నాడు. నేను వంటింట్లోంచి "ఏమీ చెయ్యకు నాన్నా, చేతులు కట్టుకుని కూర్చో" అన్నాను. గెలిచే చిట్కా అడిగితే కూర్చోమంటుందేమిటని వాడికి ఒళ్ళు మండింది. కాసేపటికి ఒక తెల్ల ఎలుక పరుగెత్తుకుంటూ వచ్చి బండ మీద కూర్చుంది. గేటు లేచింది. లెవెల్స్ మధ్యలో రాకుమారి గదిలో కనిపించే ఎలుకే అది, ఆమె పంపించింది. మావాడు కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగాడు.

తొమ్మిదో లెవెల్‌లో ఒక ఆకుపచ్చ సీసా తాగితే తెర తలకిందులవుతుంది. మా షాపులో రంగు తెలియక నేను తాగేశాను. మానిటర్‌ని తిరగేసి పట్టుకుందామని ఆపరేటర్ అన్నయ్య నిజంగానే లేవబోయాడు. మీరు తాగకండి, అంతే. పది, పదకొండు లెవెల్స్‌కి ఇప్పటిదాకా నేర్చుకున్నది చాలు.

పన్నెండో లెవెల్‌లో గోపురంలాంటి కట్టడం ఎక్కుతారు. పైన నీడ కత్తి దూసి ఎదురొస్తుంది. మీరూ దూస్తారు. పొడిస్తే దానికి తగిలిన ప్రతి దెబ్బా మీకూ తగులుతుంది, అది చస్తే మీరూ చస్తారు. ఆట మొత్తంలో ఇంతవరకు అక్కరకు రాని మీట ఒకటుంది: కత్తి దూసి ఉన్నప్పుడు కింది బాణం. నొక్కితే కత్తి ఒరలో పెడతాడు. నీడా పెట్టేస్తుంది. అప్పుడు దాని మీదికి నడవండి, రెండూ కలిసి ఒకటైపోతాయి. ఆ తర్వాత ఎడమవైపు నేల ఉండదు, అగాధం. ధైర్యం చేసి అటే పరుగెత్తండి. కాలు పడే ప్రతిచోటా పలక పుడుతుంది. మావాడికి ఇది ముందే చెప్పలేదు. పలకలు లేని చోటు ముందు పది నిమిషాలు నిలబడి, స్పేస్ నొక్కి టైమ్ చూసి, "ఎలాగూ అయిపోయేట్టుంది" అంటూ పరుగెత్తాడు.

చివర నెత్తిమీదనుంచి పలకలు రాలుతుంటాయి, అక్కడ నిలబడకుండా దాటండి. జాఫర్ మామూలు భటుడికంటే చురుకు. మీరు ముందుగా పొడవొద్దు. అడ్డు, పోటు. అడ్డు, పోటు. వాడు పడ్డాక తెర మెరుస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, లోపల రాకుమారి ఉంటుంది.

గెలిచాక డాస్ ఆట పేరు అడుగుతుంది. ఆరుగురి పేర్లు, ఒక్కొక్కరికీ మిగిలిన టైమ్‌తో సహా దాచిపెడుతుంది. ఆ రెండేళ్ళలో మా షాపు పట్టికలో ఆపరేటర్ అన్నయ్య పేరు మూడుసార్లు, నా పేరు ఒకసారి ఎక్కాయి. నాది రెండు నిమిషాల చిల్లర. 1997లో ఒకరోజు పొద్దున్నే షాపు తెరిచి చూస్తే మా అందరి పైన ఇంకో పేరుంది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో బాబాయి పేరు, దాని పక్కన 11 నిమిషాలు.